సెమినార్‌కు రాకపోతే ఇంటర్నల్ మార్కులు కోయడం న్యాయమేనా?

అనకాపల్లి నుంచి
వైజాగ్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను, కాలేజీ పేరు వద్దులెండి. ఈ సెమిస్టర్ నుంచి కొత్త రూలు పెట్టారు. బుధవారం సాయంత్రం నాలుగింటికి జరిగే డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో సంతకం లేకపోతే ఇంటర్నల్స్‌లో మార్కులు పోతాయట. అది అయ్యేసరికి ఐదున్నర. మద్దిలపాలెంలో బస్సెక్కి గాజువాక ట్రాఫిక్ దాటి ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోతుంది. బస్సు సంగతి పక్కన పెట్టినా, అక్కడ చెప్పేది మాలో చాలామందికి అర్థం కాదు. ఊరికే వచ్చి కూర్చున్నందుకు మార్కులేంటి? మీరేమంటారు?

లెక్కల మాస్టారు
పీజీ పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నేను రూలు వైపే. సిలబస్ బయట ఏముందో తెలియనివాడు దాన్ని వెతుక్కుంటూ ఎలా వెళ్తాడమ్మా? స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న సి.ఆర్. రావు గారు 1940లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే లెక్కల్లో ఎం.ఏ. చేశారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది రాలేదు. బస చేసిన చోట ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న ఒకతను తగిలాడు. ఆ పరిచయంతోనే అక్కడికి వెళ్లి చూశారు, 1941లో చేరారు. తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. ముందు చెవిన పడాలి కదా! బలవంతంగానైనా ఆ గదిలో కూర్చోబెడితే పదిమందిలో ఒకడికైనా పట్టుకుంటుంది.

రీసెర్చ్ స్కాలర్, సిరిపురం
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. రావు గారికి ఆ సంగతి చెప్పినతను సంతకం తీసుకుని చెప్పలేదు. మా సెమినార్లలో జరిగేది వినండి. వక్త ల్యాప్‌టాప్ పెడతారు. రెండో స్లైడ్‌కే నిర్వచనాలు వరుస కట్టేస్తాయి. కాసేపటికి ముందు వరుసలో ప్రొఫెసర్లు తప్ప మిగతావాళ్లందరూ ఫోన్లలోకి దిగిపోతారు. చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్’ అంటే ఎవరూ నోరు మెదపరు. ఆపైన శాలువా, టీ, సమోసా, గ్రూప్ ఫోటో. సంతకాల కాగితం మాత్రం నిండుగా ఉంటుంది, దాన్ని చూసి అంతా బాగానే నడుస్తోందనుకుంటారు. నా బాధ అదే. కుర్చీలు ఖాళీగా ఉంటే నిర్వాహకులకైనా సంగతి తెలిసొచ్చేది.

ఒక్క ఉదాహరణ చెప్తాను. వాల్తేరులో పనిచేసిన ఎస్. మీనాక్షిసుందరం గారు స్వీడన్ గణితవేత్త ప్లెయెల్‌తో కలిసి, ఆకారానికీ దాని కంపనాలకీ ఉన్న సంబంధం మీద 1949లో ఒక పేపర్ రాశారు. ఈ రంగంలో పనిచేసేవాళ్లకి ఇప్పటికీ అది కావాలి. దాన్ని రీమానియన్ మానిఫోల్డ్ నిర్వచనంతో మొదలుపెడితే ఫస్టియర్ వాళ్లు అక్కడే ఆగిపోతారు. అదే ‘డప్పులోంచి వచ్చే స్వరాలన్నీ విని, దాని ఆకారం చెప్పగలమా?’ అని మొదలుపెట్టండి. గణితవేత్త మార్క్ కాక్ 1966లో జనంలోకి తెచ్చిన ప్రశ్న ఇది. స్వరాల నుంచి వైశాల్యం రాబట్టొచ్చు, చుట్టుకొలతా రాబట్టొచ్చు. మరి ఆకారం? కుదరదని 1992లో గోర్డన్, వెబ్, వోల్పర్ట్ తేల్చారు. రెండు వేర్వేరు ఆకారాలు, స్వరాలు అచ్చంగా ఒకటే! ఒక్కోటీ ఏడేసి త్రిభుజాలు అతికిస్తే వచ్చేదే, అట్ట కత్తిరించి బోర్డు మీద అంటించొచ్చు. ఒక డప్పు మీది కంపనాన్ని త్రిభుజాల వారీగా విడదీసి, కూడికలూ తీసివేతలూ చేసి, రెండోదాని మీద ఎలా పేర్చాలో సుద్దముక్కతో చూపించొచ్చు. బీఎస్సీ లీనియర్ ఆల్జీబ్రా గుర్తున్నవాళ్లెవరైనా అందుకుంటారు. అప్పుడు మీనాక్షిసుందరం గారి పేరెత్తండి, ఈ పనికి దారి వేసినవాళ్లలో ఒకాయన ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారని చెప్పండి. ఎవరు లేచి వెళ్తారో చూద్దాం.

గాజువాక
రామానుజన్ జయంతి నాడు మా కాలేజీ హాలు సంతకాల్లేకుండానే నిండుతుంది. అంటే పిల్లలకి ఆసక్తి ఉన్నట్టే కదా?

సీతంపేట
ఆ రోజు క్విజ్ ఉంటుందండీ, బహుమతులు ఉంటాయి. 2012 నుంచి డిసెంబరు 22ను జాతీయ గణిత దినోత్సవంగా జరుపుతున్నారు, మంచిదే. కానీ ఏడాదికోసారి వచ్చే పండగతో వారం వారం జరిగే సెమినార్‌ని పోల్చకండి.

లెక్కల మాస్టారు
బాబూ, డప్పు సంగతి చక్కగా చెప్పావు. అలా చెప్పగలిగే వక్త ప్రతి వారం దొరకడు. దొరికిన రోజున వినేవాళ్లు గదిలో ఉండాలా వద్దా? ఆ రోజు ఎప్పుడొస్తుందో ముందే తెలియదు కాబట్టే ప్రతి వారం రమ్మంటున్నాను. సమయం మధ్యాహ్నం రెండింటికి మార్చమంటే ఒప్పుకుంటాను, దూరం నుంచి వచ్చే పిల్లలకి అది న్యాయం. రూలు తీసేయమంటే మాత్రం ఒప్పుకోను.

రీసెర్చ్ స్కాలర్, సిరిపురం
అయితే మార్కులు కూర్చున్నందుకు కాకుండా రాసినందుకు ఇవ్వమనండి మాస్టారూ. సెమినార్ అయ్యాక ఒక్క పేజీ చాలు: ఏం అర్థమైంది, ఎక్కడ ఆగిపోయాను. ఆ కాగితాలు ముందు వక్త చదవాలి. తన ఉపన్యాసం ఎక్కడ చేజారిందో ఆయనకీ తెలుస్తుంది.

అనకాపల్లి నుంచి
పేజీ రాయడానికి నేను రెడీ. కానీ ‘ఇక్కడ ఆగిపోయాను’ అని నిజం రాస్తే మార్కులు తగ్గించబోమని ముందే నోటీసులో పెట్టాలి. మా క్లాసులో అందరి భయమూ అదే. సమయం మార్చమని, ఈ పేజీ పద్ధతి పెట్టమని సోమవారం మా క్లాస్ రిప్రజెంటేటివ్ చేత హెచ్‌ఓడీ గారికి లెటర్ ఇప్పిస్తాం.