స్క్రబ్ టైఫస్: పెచ్చును నమ్మాలా, పరీక్షనా?

ప్రశ్న:
ఎపిడెమియాలజీ పీహెచ్‌డీ రెండో ఏడాది. చిత్తూరు వైపు పల్లెల్లో జ్వరాల సర్వే చేస్తున్నాను. మొన్న గడ్డి కోతకు వెళ్లే ఒకావిడ చంకలో, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపించింది. స్క్రబ్ టైఫస్ (చిగ్గర్ అనే సన్నటి పురుగు కుట్టడంతో వచ్చే జ్వరం) గుర్తు అది. నొప్పి లేదు కాబట్టి అది ఉన్నట్టు ఆవిడకే తెలియదు. జ్వరం మూడో రోజు. తీరా చూస్తే ఐజీఎం ఎలైజా (ఆ జబ్బుకు ఒంట్లో పుట్టే తొలి యాంటీబాడీలను వెతికే రక్తపరీక్ష) నెగెటివ్! ఈ కేసును లెక్కలోంచి తీసేయాలా?

జవాబు:
తీయకండమ్మా. యాంటీబాడీలు కనిపించడానికి దాదాపు వారం పడుతుంది. మూడో రోజు రక్తంలో ఏం దొరుకుతుంది? ఆ పెచ్చు ముక్కను, క్రిమి జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్‌కు పంపండి, రెండు వారాలకు మళ్లీ రక్తం తీయండి. అన్నట్టు, ఈ జబ్బుకిచ్చే మందు డాక్సీసైక్లిన్ మొదలైందా? ఫలితం కోసం చికిత్స ఆపకూడదు.

మరో జవాబు:
తిరకాసు రెండోవైపూ ఉంది. ఐజీఎం నెలల తరబడి నిలుస్తుంది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇప్పటి జ్వరం అదే అనుకోలేం. నా మొదటి సర్వే ఫారంలో జ్వరం ఎన్నో రోజో రాసే గడి పెట్టడం మరిచాను. ఆరు నెలల కష్టం చెదలపాలు.

ప్రశ్న అడిగినవారు:
మందు ఆ రోజే ఇచ్చారండి. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఇప్పుడు ఆవిడ మళ్లీ గడ్డి కోతలో ఉంది, రెండో రక్తానికి ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఆ గడి నా ఫారంలోనూ లేదు.