అప్‌డేట్: షాద్‌నగర్ ప్లాటా, కొంపల్లి ఫ్లాటా?

చేతిలో 30 లక్షలు ఉన్నాయి, షాద్‌నగర్ వైపు ప్లాటు కొనాలా, కొంపల్లిలో చిన్న ఫ్లాటు కొనాలా అని అడిగాను. "ఆ డబ్బు మళ్లీ ఎప్పుడు కావాలి?" అని మీలో ఒకరు అడిగిన ప్రశ్నతోనే విషయం తేలిపోయింది. చాలా థాంక్స్ అండీ.

పాప బీటెక్‌కి ఇంకా నాలుగేళ్లే. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కే 7.5 శాతం పోతుంది. అమ్మేటప్పుడు బ్రోకర్ కమిషన్, లాభం మీద 12.5 శాతం పన్ను. ఇప్పుడు కొన్నవాటికి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న రేటును పెంచి లాభం లెక్కగట్టడం) కూడా లేదు. నాలుగేళ్లలో ఇవన్నీ రాబట్టుకోవడం కష్టం. పైగా ఫీజు కట్టాల్సిన నెలలోనే కొనేవాడు దొరకాలి కదా!

అమరావతినే చూడండి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే అక్కడ ప్లాట్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక వచ్చింది. మధ్యలో పెళ్లికో, వైద్యానికో అమ్ముకోవాల్సి వచ్చినవాళ్లను తలచుకుంటే నిజంగా బాధేస్తుంది. ఆగి లాభపడ్డవాళ్లు కొన్న చోటే వాళ్లూ కొన్నారు, కాకపోతే ఆగే వీలే లేకపోయింది.

అందుకే చదువు డబ్బు 18 లక్షలు ఎఫ్‌డీలో వేశాం. మిగతా 12 లక్షలు మా రిటైర్‌మెంట్ కోసం, 15 ఏళ్లు ముట్టుకోం. వాటితో చిన్న ప్లాటు చూశాం. అన్నేళ్లకు ఫ్లాటు పాతబడుతుంది, మన వాటాకొచ్చే స్థలమూ తక్కువే. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు) లాయర్ దగ్గరున్నాయి. ఆయన సరేనంటేనే అడ్వాన్స్ ఇస్తాం.