సమస్యాపూరణం: "ఓటు వేయనట్టి యోటె గెలిచె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. వేయని ఓటు గెలవడమేమిటి అన్నదే చిక్కు. సంకీర్ణ ప్రభుత్వాలు పార్లమెంటులో ప్రతిపక్షానికి లెక్క అప్పజెప్పిన సందర్భాల్లోంచి పూరించండి. మన బెజవాడ, గుంటూరు వాళ్లకు ఇది దూరపు సంగతేం కాదు. 2018 జులై 20న లోక్‌సభలో మోదీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది విజయవాడ ఎంపీ కేశినేని నాని, చర్చ మొదలుపెట్టింది గుంటూరు ఎంపీ గల్లా జయదేవ్. ఏ పక్షమైనా సరే, దూషణ వద్దు, అంకెలు తప్పొద్దు.

బ్రాడీపేట:
ఎడమపక్కవారు విడిచిపోయినగాని
కొలువు కూలలేదు, కొన్ని యోట్లు
పడకపోయె సభను, పదిమంది మౌనమే
ఓటు, వేయనట్టి యోటె గెలిచె!

నిర్వాహకుడు: అమెరికాతో అణు ఒప్పందం మీద వామపక్షాలు మద్దతు తీసేశాక, 2008 జులై 22న మన్మోహన్ సింగ్ ప్రభుత్వానికి జరిగిన బలపరీక్ష ఇది. మొదటి పాదంలో ప్రాసయతి (ఎడ-విడి అని రెండో అక్షరాల పొందిక) చక్కగా పడింది. "మౌనమే ఓటు" అని విరిచిన తీరు చదవగానే ఆగి మళ్లీ చదివాను. కానీ ఆ రోజు అనుకూలం 275, వ్యతిరేకం 256, తటస్థం 10. ఆ పదీ ఎదురు పడినా 266 దగ్గరే ఆగుతాయి కదా?

బ్రాడీపేట: తటస్థులుంటే కావలసిన మెజారిటీ తగ్గుతుందిగా గురువుగారూ. ఓటేసిన వాళ్లలోనే కదా లెక్క.

నిర్వాహకుడు: తగ్గుతుంది. 541కి 271 కావాలి, 531కి 266 చాలు. 275 రెండింటినీ దాటింది. కాబట్టి మౌనం సాయపడిందనండి, గెలిపించిందనకండి. పద్యం బాగుంది గనుకే ఇంత పట్టుబడుతున్నా.

బందరు కాలువ:
ప్రగతి జూపి నిలిచె పాలక కూటమి
ప్రశ్న లడిగె నెదుటి పక్షమంత
రోడ్డు లేని యూరు చూచెను టీవీలో
ఓటు వేయనట్టి యోటె గెలిచె

ఏలూరు రోడ్డు: మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పొంతన) లేదు తమ్ముడూ, "టీవీలో" మూడూ గురువులే (రెండు మాత్రల అక్షరాలు), అక్కడ రావలసిన ఇంద్రగణం కాదు. "రోడ్డు లేని యూరు రోజు చూచెను టీవి" అంటే రెండూ సర్దుకుంటాయి.

నిర్వాహకుడు: సవరణ బాగుంది. అన్వయం మాత్రం ఇంకా కుదరలేదు. ఆ ఊరు పోలింగు బహిష్కరించిందా? అదొక్క ముక్క పడితే నాలుగో పాదం బతుకుతుంది. రోడ్డు లేని ఊరిని సభలోకి తెచ్చారు చూడండి, అది వదలొద్దు. మళ్లీ రాయండి.

ఏలూరు రోడ్డు:
బెజ్జవాడ గొంతు పెద్దగద్దె నడిగె
ఇచ్చినట్టి మాట యేది యనుచు
చెలిమికాడు సభకు చేరక మానెను
ఓటు వేయనట్టి యోటె గెలిచె

బ్రాడీపేట: రెండో పాదం మా ఇంట్లో మాటలా ఉందండీ. ప్రత్యేక హోదా గురించి అడగని ఇల్లు ఇక్కడ ఉందా!

నిర్వాహకుడు: చెలిమికాడంటే శివసేన, కూటమిలో ఉండీ ఓటింగుకు రాలేదు. ఆ మూడో పాదమే పద్యానికి ప్రాణం. సంకీర్ణానికి ఎదుటివాడి విమర్శ కంటే పక్కవాడి ఖాళీ కుర్చీకి జవాబు చెప్పడం కష్టం. అయితే ఆ ఓట్లు లేకుండానే ప్రభుత్వానికి 325 పడ్డాయి, తీర్మానానికి 126. ఇక్కడ "గెలిచె" నిలవదు. ఇంకో మాట. హోదా హామీ 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ ఇచ్చారు, నిలదీత ఎదుర్కొన్నది తర్వాతి కూటమి. 14వ ఆర్థిక సంఘం సిఫార్సుల తర్వాత హోదా వీలుకాదు, బదులుగా ప్రత్యేక సాయం అన్నది దాని జవాబు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ జవాబు కూడా పద్యంలో వినబడాలి.

కృష్ణాతీరం:
ఒక్క యోటు తగ్గి యొరిగిపోయెను కొల్వు
పీఠమందు నున్న పెద్దమనిషి
చేయి యెత్తలేదు చెల్లదనుచు నాడు;
ఓటు వేయనట్టి యోటె గెలిచె

ఏలూరు రోడ్డు: అబ్బ! 1999 ఏప్రిల్ 17. అనుకూలం 269, వ్యతిరేకం 270. స్పీకరు మన బాలయోగి గారు!

నిర్వాహకుడు: ఆయన పార్టీ వాజపేయి ప్రభుత్వానికే ఓటేసింది. ఒక్కటి కలిస్తే సమానం. కానీ 100వ అధికరణం ప్రకారం ఓట్లు సమానమైనప్పుడే స్పీకరుకు ఓటు. ఆయన ఆ గీత దాటలేదు. కొలువు ఓడింది, నియమం గెలిచింది. సమస్యలోని చిక్కు పూర్తిగా విడింది. ఒక్కటే సూచన, లోక్‌సభలో అలాంటి ఓటింగుకు మీట నొక్కుతారు.

కృష్ణాతీరం: అయితే ఇలా మారుస్తా: "మీట నొక్కలేదు మెట్టు దిగక నాడు".

నిర్వాహకుడు: మీ-మె యతి సరిపోయింది, "మెట్టు దిగక"లో పీఠమూ ఉంది, మాటా ఉంది. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. వచ్చే వారం సమస్య, ఆటవెలదిలోనే: "గెలిచి యోడె నొకడు గెలిచె నోడి".