కలంకారీ తెర మీద ప్రపంచ సృష్టి కథలు: ఏవి ఉంచాలి, ఎట్లా గీయాలి?

పుత్తూరు_గీత

అందరికీ నమస్తే. తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీ గోడకి కలంకారీ తెర అడిగారు. పొడవు 3 మీటర్లు, ఎత్తు మీటరున్నర. మధ్యలో మన వరాహమూర్తి, చుట్టూ వేరే దేశాల సృష్టి కథలు కావాలంట. ఇచ్చిన జాబితాలో పన్నెండున్నాయి: బాబిలోన్, ఈజిప్టు, చైనా, జపాన్, మావోరీ (న్యూజిలాండ్), మాయా (మధ్య అమెరికా), నార్స్ (పాత ఉత్తర యూరప్), యొరూబా (పశ్చిమ ఆఫ్రికా), ఫిన్లండ్, ఇరొక్వాయ్ (ఉత్తర అమెరికా), ఆస్ట్రేలియా ఆదివాసులు, బైబిల్. నెట్లో దొరికే బొమ్మలు ఒకదానికొకటి పొంతన లేవు. పన్నెండూ పడతాయా? ఒక్కో కథకి ఏ ఘట్టం తీసుకుంటే చూడగానే తెలుస్తుంది? "మొదట అంతా చీకటి, నీళ్లు" అనేది చాలా కథల్లో వస్తోంది, సహజ రంగుల్లో దాన్ని ఎట్లా చూపించేది? తెలిసినవాళ్లు చెప్పండి.

చంద్రగిరి_పంతులు

పన్నెండు వద్దమ్మా. లెక్క చూడండి. చుట్టూ 10 సెంటీమీటర్ల అంచు పోతే మిగిలేది 2.8 × 1.3 మీటర్లు. మధ్యలో వరాహానికి మీటరు వెడల్పు ఇస్తే అటూ ఇటూ 90 సెంటీమీటర్ల చొప్పున వస్తుంది. ఒక్కో వైపు మూడు గడులు చేస్తే గడి ఎత్తు 43, పేరు రాసే పట్టీకి 5 తీసేస్తే బొమ్మకి 38. మనుషుల కవళికలు తెలియాలంటే ఇంతకన్నా తగ్గకూడదు. పన్నెండు ఇరికిస్తే ముఖాలన్నీ చుక్కలైపోతాయి. కాబట్టి ఆరు.

ఏ ఆరు అంటే, ఎదురెదురు గడుల్లో ఒకే రకం కథ పడేట్టు ఎంచుకోండి. పై వరస ఆకాశాన్నీ భూమినీ విడదీసే కథలకి: ఈజిప్టు, మావోరీ. మధ్య వరస ఒక శరీరమే లోకంగా మారే కథలకి: బాబిలోన్, చైనా. కింది వరస నీళ్ల మీద పిడికెడు మట్టి పెరిగి నేలయ్యే కథలకి: ఇరొక్వాయ్, యొరూబా. ఈ కింది వరస వరాహానికి దగ్గరి చుట్టం. శతపథ బ్రాహ్మణంలో ఏమూష అనే వరాహం భూమిని పైకెత్తినప్పుడు అది జానెడే ఉంటుంది. అందుకే వరాహం కోర మీద దేశాల పటం గీసిన గ్లోబు పెట్టకండి, అది క్యాలెండర్ బొమ్మ. భూదేవిని గీయండి.

ఇక ఘట్టాలు. ఈజిప్టులో ఆకాశం ఆడది, భూమి మగవాడు, మన ద్యౌష్పిత–పృథ్వీమాతకి తిరగేసి. నూత్ దేవత చేతివేళ్లూ కాలివేళ్లూ నేలకి ఆన్చి విల్లులా వంగి ఉంటుంది, ఒంటి నిండా చుక్కలు. కింద గెబ్ ఒక మోచేతి మీద ఆనుకుని, ఒక మోకాలు ముడుచుకుని పడుకుంటాడు. మధ్యలో గాలి దేవుడు షూ రెండు చేతులెత్తి ఆమెను మోస్తాడు. అలవాటు కొద్దీ పైన మగవాణ్ణి, కింద ఆడమనిషిని గీసేశారంటే కథ పోయినట్టే.

మావోరీ గడిలో మాత్రం పైన తండ్రి రంగి, కింద తల్లి పాపా. ఇద్దరూ గట్టిగా వాటేసుకుని ఉంటే మధ్యలో పిల్లలు చీకట్లో నలుగుతుంటారు. అడవుల దేవుడు తానే వాళ్లని విడదీస్తాడు, అయితే చేతులతో కాదు: తల తల్లి మీద ఆన్చి, కాళ్లు పైకెత్తి తండ్రిని తంతాడు. షూ చేతులు పైకి, తానే కాళ్లు పైకి. ఎదురెదురు గడుల్లో ఈ ఒక్క తేడా చాలు, పేరు చదవకపోయినా తెలుస్తుంది. రంగి కన్నీళ్లే వాన, పాపా నిట్టూర్పులే పొగమంచు. జాగా ఉంటే అవి కూడా పెట్టండి.

తిరుచానూరు_పాఠకుడు

పంతులుగారి ఎంపిక బాగుంది. మధ్య వరస గురించి రెండు హెచ్చరికలు.

బాబిలోన్: ఇక్కడ మర్దుక్ అనే దేవుడు తియామత్ అనే ఆదిదేవతని చంపి లోకం చేస్తాడు. నెట్లో "మర్దుక్, తియామత్ యుద్ధం" అని రెక్కల సింహంలాంటి జంతువుని ఒక దేవుడు తరుముతున్న రాతి శిల్పం కనబడుతుంది. దాన్ని దించుకోవద్దు. అది ఇరాక్‌లోని పాత నగరం నిమ్రూద్‌లో నినుర్తా అనే దేవుడి గుడిలోది, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో పారిపోయేది అంజూ అనే జంతువనీ తరిమేది నినుర్తా అనీ పండితుల మాట. ఏడు మట్టి పలకల మీద ఉన్న బాబిలోన్ సృష్టి కావ్యం ఎనూమా ఎలిష్‌లో తియామత్ ఉప్పునీటి సముద్రం, ఆమె నిండు రూపాన్ని వర్ణించే పద్యం లేదు. కాబట్టి డ్రాగన్ అక్కర్లేదు. పాఠంలో ఉన్నది ఇది: మర్దుక్‌కి నాలుగు కళ్లు, నాలుగు చెవులు. వల పన్నుతాడు, ఆమె నోట్లోకి గాలుల్ని తోలుతాడు, బాణం వేస్తాడు. తర్వాత ఎండబెట్టే చేపని చీల్చినట్టు రెండుగా చీలుస్తాడు. ఒక సగం ఆకాశం. నీళ్లు కారిపోకుండా గడియ బిగించి కావలి పెడతాడు. రెండు కళ్ల నుంచి టైగ్రిస్, యూఫ్రటీస్ పారతాయి. యుద్ధం వదిలేసి ఈ చీల్చిన ఘట్టమే గీయండి. పైన సగం, కింద సగం, కళ్ల నుంచి రెండు నదులు. ఇంకే కథతోనూ పొరబడే వీలుండదు.

చైనా: కథలోని ఆదిపురుషుడు పాన్‌గూ చేతికి గొడ్డలి ఇవ్వడం తర్వాత చేరింది. క్రీ.శ. 3వ శతాబ్దంలో షూ జెంగ్ రాసినట్టు చెప్పే పాఠంలో గొడ్డలి లేదు. గుడ్డులాంటి గందరగోళంలో 18,000 ఏళ్లు ఉంటాడు. తేలికది ఆకాశమై రోజుకి ఒక ఝాంగ్, అంటే పది చైనా అడుగులు, పైకి లేస్తుంది. బరువైనది భూమై అంతే మందం పెరుగుతుంది. ఆయన కూడా వాటితోపాటే ఎదుగుతాడు, ఇది ఇంకో 18,000 ఏళ్లు. చనిపోయాక ఊపిరి గాలీ మబ్బులూ, గొంతు ఉరుము, ఎడమ కన్ను సూర్యుడు, కుడి కన్ను చంద్రుడు. మన పురుషసూక్తంలో కంటి నుంచి సూర్యుడే పుడతాడు, చంద్రుడు మనసు నుంచి. ఈ రెండూ కలిపేయకండి. ఎడమ అంటే పాన్‌గూకి ఎడమ, చూసేవాళ్లకి కుడివైపు పడుతుంది. స్కెచ్‌లోనే గుర్తు పెట్టుకోండి.

నార్స్ కథ వదిలేస్తున్నందుకు బాధే. ఉప్పు మంచుని ఆవు నాకుతుంటే మొదటి రోజు జుట్టు, రెండో రోజు తల, మూడో రోజు నిలువెత్తు మనిషి బయటపడతాడు. ఆవుని గీయడంలో కాళహస్తి వాళ్లకి ఎవరు సాటి! కానీ ఆ కథలో కూడా తర్వాత ఒక రాక్షసుడి శరీరమే లోకమవుతుంది, అట్లాంటివి రెండుండగా మూడోది బరువు.

మాయా కథని మాత్రం వదలొద్దు. వరాహం కింద 30 సెంటీమీటర్లు తగ్గించి అడ్డంగా ఒక పట్టీ తీయండి, మూడు ముక్కలు. మట్టి మనుషులు నీళ్లలో కరిగిపోతారు. కొయ్య మనుషులకి మనసుండదు. వాళ్ల కుక్కలు, కుండలు, రుబ్బురాళ్లు తిరగబడి ముఖాల మీద పడతాయి. చివరికి పసుపు, తెల్ల మొక్కజొన్నని ముసలి దేవత తొమ్మిది సార్లు రుబ్బితే ఆ పిండితో మొదటి నలుగురు మగవాళ్లు తయారవుతారు. మధ్య ముక్కకే ఎక్కువ జాగా ఇవ్వండి. యజమాని మీదికి రుబ్బురాయి ఎగబడే బొమ్మ ముందు పిల్లలు ఆగకుండా పోరు.

చంద్రగిరి_పంతులు

పట్టీ ఆలోచన మంచిది. కింది వరసకి రెండు మాటలు కలుపుతాను. ఇరొక్వాయ్ కథలో పైలోకం నుంచి పడే స్త్రీని పక్షులు రెక్కల మీద దించుతాయి, తాబేలు వీపు ఇస్తుంది, నీటి ఎలుక అడుగుకి పోయి పంజాలో మట్టి తెస్తుంది. తాబేలు వీపు మీద పెద్ద పలకలు సరిగ్గా 13 ఉండాలి, మధ్యలో ఐదు, పక్కలకి నాలుగేసి. వాటిని వాళ్లు ఏడాదిలో 13 చంద్రమాసాలుగా లెక్కిస్తారు. కూర్మావతారం గీసే అలవాటులో గళ్లు నింపేయకండి. యొరూబా కథలో ఒబాతాలా అనే దేవుడు గొలుసు పట్టుకుని దిగుతాడు, నత్తగుల్లలో ఇసుక తెస్తాడు. నీళ్ల మీద పోసిన ఇసుకని కోడి కాలితో చిమ్మితే నేల పరుచుకుంటుంది. ఆ కోడికి ఐదు వేళ్లు. మామూలు కోడికి నాలుగే కదా, అందుకని వేళ్లు స్పష్టంగా లెక్క తెలిసేట్టు వేయండి.

ఆస్ట్రేలియా వదిలేయండి. అక్కడ కొన్ని కథలూ గుర్తులూ ఫలానా వంశం వాళ్లే వేయాలనే కట్టుబాటు ఉంది. బయటివాళ్లు చుక్కలు పెట్టి అనుకరించడం బాగుండదు.

కాళహస్తి_కలం

చీకటి సంగతి నేను చెప్తాను, అందరూ తప్పేది అక్కడే. ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన కసిం నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడతాయి. గీతకి అది బంగారం. అదే కసింతో గడి మొత్తం నింపారంటే ఇనుము కొన్నేళ్లకి నూలుని తినేస్తుంది. పాత తెరల్లో నల్ల భాగమే ముందు పొడిపొడిగా రాలిపోయేది ఇందుకే. చీకటిని నింపకండి, గీతలతో చూపించండి. దగ్గర దగ్గరగా అలలు గీసి, మధ్య సందు వదిలి, ఆఖర్న నీలిమందు వేయండి. ఈజిప్టు నీళ్లకి కోణాల గీత (వాళ్ల లిపిలో నీటి గుర్తే అది), వరాహం చుట్టూ మన అలలు, చేపలు, తామరలు. గీత మారితే సముద్రం మారినట్టే.

వరస ఇదీ. గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) పేడనీళ్లలో నానేసి ఉతికి ఎండబెట్టాక, కరక్కాయ కలిపిన గేదె పాలలో ముంచి పిండి ఆరేయాలి. పాలలో కొవ్వు తక్కువైతే గీత పాకిపోతుంది, నాలుగు కళ్ల మర్దుక్ ముఖమంతా మరకే. తర్వాత కసింతో గీతలు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు. ఎర్ర రంగిచ్చే మంజిష్ఠ వేరుతో ఉడకబెట్టి, పారే నీళ్లలో ఉతకాలి. పటిక లేని చోట కూడా లేత గులాబీ పడుతుంది, పేడనీళ్లు, ఎండ పెట్టి దాన్ని తీసేయాలి. మళ్లీ పాలు పట్టించి పసుపు, ఆ తర్వాతే నీలం.

గెబ్‌ని పచ్చగా వేయాలంటే పసుపు మీద నీలం. ఆ పసుపు వెలుగుకి ముందు వెలిసిపోతుంది, కొన్నేళ్లకి గెబ్ నీలంగా మిగులుతాడు. కిటికీకి ఎదురుగోడ మీద తెర కట్టొద్దని కాలేజీ వాళ్లకి ముందే చెప్పండి.

ఇంకోటి, పన్నా మీటరున్నర దొరక్కపోతే అతుకు వేయాల్సొస్తుంది. అతుకు గడుల మధ్య గీత మీద పడేట్టు కొలుచుకోండి, నూత్ నడుం మీద కాదు. ఉడికితే గుడ్డ కుదించుకుంటుంది, 3.2 మీటర్లకి కోసుకుని, ఉతికి ఆరాకే గళ్లు కొట్టండి.

పుత్తూరు_గీత

చాలా ఉపకారం చేశారు. ఒక్క సందేహం: బైబిల్ కథ తీసేస్తే కాలేజీ వాళ్లు ఒప్పుకునేట్టు లేరు. దేవుణ్ణి గీయకుండా ఎట్లా పెట్టేది? ఇంకా, మన వైపు నుంచి వరాహం ఒక్కటేనా అని కూడా అడుగుతున్నారు.

తిరుచానూరు_పాఠకుడు

బైబిల్‌కి పై అంచు వాడండి. 2.8 మీటర్లని ఏడుతో భాగిస్తే 40 సెంటీమీటర్ల గళ్లు ఏడు, ఎత్తు 10. లతలకి బదులు రోజుకో గడి: వెలుగు, పై నీళ్లూ కింది నీళ్ల మధ్య ఆకాశం, నేలా మొక్కలూ, సూర్యచంద్ర నక్షత్రాలు, చేపలూ పక్షులూ, జంతువులూ మనుషులూ. ఏడోది విశ్రాంతి, గుడ్డ రంగు అట్లాగే ఖాళీగా వదలండి. సూర్యుడు నాలుగో గడిలోనే రావాలి, మొక్కల తర్వాత. మొదటి గడిలో వట్టి వెలుగే, దానికి పటిక తగలని తెలుపు చాలు. దేవుడి బొమ్మ ఎక్కడా అవసరం లేదు, ఆ కథలో మాటతోనే అన్నీ అవుతాయి.

మన వైపు నుంచి కింది అంచులో ఛాందోగ్య ఉపనిషత్తులోని గుడ్డు పెట్టండి. వెండి సగం భూమి, బంగారు సగం ఆకాశం, బయటి పొర కొండలు, లోపలి పొర మబ్బు మంచు, నరాలు నదులు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం జోలికి పోకండి, ఆ ఏడు మంత్రాల్లో చివరికి మిగిలేవి ప్రశ్నలే, బొమ్మకి లొంగవు. తిరుపతిలో తెర కాబట్టి గంగమ్మ కథల్లోని ఆదిపరాశక్తి త్రిమూర్తులని పుట్టించే ఘట్టం కూడా ఆ గుడ్డు పక్కన కుదురుతుంది.

కాళహస్తి_కలం

ఏడో గడి ఖాళీ అంటే దానికే పని ఎక్కువ. గులాబీ మరక పూర్తిగా పోయేదాకా పేడనీళ్లు పెట్టి ఎండేయాలి, నీలం వేసేటప్పుడు చుక్క పడకుండా మైనం పూసి ఉంచుకో తల్లీ.