సమస్య: ట్యాంకు గుట్ట లెక్కె డంబముగను

నిర్వాహకుడు, హనుమకొండ: ఇది ఆటవెలది పద్యం నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు కట్టి పూరించాలె. ట్యాంకు–గుట్ట–లెక్కె–డంబ–ముగను: అయిదూ సూర్యగణాలే. ‘ట్యాం’ ఒకటే గురువు, రెండక్షరాలుగా లెక్కపెట్టొద్దు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, ట్యా–డం. ఏ ట్యాంకన్నది మీ ఇష్టం.

జనగామ:
నీటితొట్టి యనుచు నెపముతో దాఁచిరి
పోరుబండి పేరు పొక్కకుండ
ఇనుప గొలుసుకాళ్ల నెదురు కంచెనుఁ దొక్కి
ట్యాంకు గుట్ట లెక్కె డంబముగను

నిర్వాహకుడు: శభాష్! రహస్యం బయటపడొద్దని బ్రిటన్ ఆ యుద్ధబండికి పెట్టిన ‘ట్యాంకు’ అనే దొంగపేరే నిలిచిపోయింది. 1916 సెప్టెంబర్ 15న సోమ్ యుద్ధంలో మొదటిసారి దిగింది.

ములుగు: మూడో పాదం మొదట అచ్చు వచ్చింది, అది దోషం కాదా సార్?

నిర్వాహకుడు: రెండో పాదంతో వాక్యం అయిపోయింది, దోషం లేదు. ‘కాళ్లన్ + ఎదురు’ కాబట్టి ఇ–ఎ యతి కూడా చెల్లింది.

పరకాల:
ఎండ మండ గుడికి నేగిరి భక్తులు
దప్పి దీర్చ నీళ్లు మస్తుగాను
నిండి దున్నుబండి నెమ్మదిగా లాగ
ట్యాంకు గుట్ట లెక్కె డంబముగను

ములుగు: ‘దున్నుబండి’ బాగుందన్నా, ట్రాక్టరుకు అచ్చమైన పేరు. కానీ ద–మ యతి కుదరదు. ‘దండిగాను’ అంటే మన మాటా ఉంటది, యతీ పడుతది.

జనగామ: నెమ్మదిగా పోయేదానికి డంబమెక్కడిది? 5,000 లీటర్ల ట్యాంకంటే నీళ్లే 5 టన్నులు, చిన్న గేరులో మూలుగుతూ ఎక్కుతది. సమస్యలోని ప్రతి మాటకూ పై పాదాల్లో ఆధారం ఉండాలె. ‘నిక్కుచు లాగంగ’ అనండి. భగణం, తగణం, రెండూ అక్కడ పడాల్సిన ఇంద్రగణాలే; యతి నిం–ని.

పరకాల: రెండూ మార్చుకుంటున్న.

నిర్వాహకుడు: చెరువు ట్యాంకును ఎవరూ ముట్టలేదేం? పాకాల, రామప్ప, లక్నవరం అన్నీ ఇంగ్లీషు రాతల్లో ట్యాంకులే.

ములుగు: చెరువు గుట్ట ఎక్కదు సార్, అదే చిక్కు. అందుకే కర్తను మార్చిన:
పంపు లెత్తిపోయఁ బరుగుతో గోదారి
గొట్టమందు దూఱి కొత్త నడక
ధర్మసాగరంబు దరిఁ జేరఁగా నెంచి
ట్యాంకు గుట్ట లెక్కె డంబముగను

పరకాల: గోదారి నీళ్లను ధర్మసాగరం చెరువుకు ఎక్కించే దేవాదుల ఎత్తిపోతల పథకం! ఎక్కింది ట్యాంకు కాదు, గోదారి.

నిర్వాహకుడు: ఇదీ పూరణంటే. జడవాచకానికి, అంటే ప్రాణం లేనిదాని పేరుకు, ద్వితీయ (ను, ని) బదులు ప్రథమ వాడొచ్చు గనుక ‘ట్యాంకు, గుట్టలు’ రెండూ కర్మలైనవి. ‘కొత్త నడక’ మాత్రం విభక్తి లేక వేలాడుతున్నది, ఆ పాదం మళ్లీ చూడక్కా.

ములుగు: ‘కొత్తగాను’ పెడుత. ‘నడక’ బదులు ‘గాను’ వచ్చినా సూర్యగణమే, యతి మారదు.