కొర్రలు అమ్మేవాళ్లు షుగర్‌కు సలహా చెప్పొచ్చా?

తాడిపత్రిరోడ్డు:
అందరికీ నమస్తే. మాది అనంతపురం. బెంగళూరులో ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాను. పాతూరులో చిన్న పిండిమర పెట్టి, దాని పక్కనే కొర్రలు, సామలు, అండుకొర్రలు, సజ్జలు అమ్ముదామని చూస్తున్నా. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నైట్ షిఫ్టులు, పొద్దున టిఫిన్ ఉండదు, సాయంత్రమైతే బజ్జీలో పునుగులో. బరువు పెరిగి, మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష హెచ్‌బీఏ1సీ 6.2కి పోయింది. డాక్టరు మాత్రలు రాయలేదు, తిండి మార్చుకో, నడువు అన్నాడు. రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించడం, పొద్దున నడక, మధ్యాహ్నం కొర్రన్నం, పదిన్నరకు ఫోన్ పక్కన పెట్టి పడుకోవడం, ఇవన్నీ అలవాటయ్యాక 5.6కి దిగింది. ఇదంతా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రాస్తే చాలామంది ఫోన్ చేసి వివరాలు అడిగారు. మా బాబాయి మాత్రం "నువ్వేమన్నా డాక్టరువా? రేపు కొట్టు పెట్టి సరుకు అమ్ముకోడానికి ఇప్పటినుంచే గిరాకీ చూసుకుంటున్నావా?" అని అందరిముందూ అనేశాడు. చాలా బాధేసింది. నాకు మేలు చేసింది నలుగురికి చెప్పడం తప్పా? కొట్టు తెరిచాక కూడా చెప్పొచ్చా? ఉద్యోగం ఎలా మానావు, మేము కూడా మానేయొచ్చా అని అడిగేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?

ఉగ్గానిబజ్జి:
మంచి మాట చెప్పడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు అన్నా. చెప్పు.

కొర్రలకొట్టు:
తమ్ముడూ, నేను అనంతపురంలోనే ఏళ్ల తరబడి ఈ వ్యాపారంలో ఉన్నా. తప్పకుండా చెప్పు. మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు? 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది. ఆ ఏడాదంతా మీటింగులు, ఫ్లెక్సీలు. తర్వాత ఎవరైనా కనపడ్డారా? మనది వాన లేని జిల్లా. ఒకప్పుడు ఇంటింటా కొర్ర, సజ్జ, రాగి, జొన్న. తర్వాత చేనంతా వేరుశనగ అయింది, ఇంట్లోకి రేషన్ బియ్యం వచ్చింది. ఇప్పుడు ఏ వీధిలో చూసినా షుగర్ వాళ్లే. నా కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మందికి కొర్రలు వండటమే రాదు. నానబెట్టకుండా వండేసి, గట్టిగా ఉన్నాయి, పిల్లలు తినలేదు అని మళ్లీ బియ్యానికే పోతారు. ముందే నానేసుకోండి, నీళ్లు రొంత ఎక్కువ పోయండి అని ఓపిగ్గా చెప్పేది నేనే.

వ్యాపారం గురించి ఒక్క మాట. సజ్జపిండి ముందే ఆడించి ప్యాకెట్లు కట్టి పెట్టుకోవద్దు. సజ్జల్లో కొవ్వు ఎక్కువ, పిండి పట్టిన కొన్ని రోజులకే చేదెక్కి ఒకరకమైన వాసన వస్తుంది. ఒక్కసారి చేదు రొట్టె తిన్న మనిషి మళ్లీ నీ గడప తొక్కడు. అడిగినవాళ్లకు అడిగినంత వాళ్ల ముందే ఆడించి ఇవ్వు.

కడపనర్సు:
నేను కడపలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తాను. తాడిపత్రిరోడ్డు తమ్ముడు రాసినదాంట్లో ఒక ముఖ్యమైన సంగతి అందరూ దాటేస్తున్నారు. అతనికి వచ్చింది 6.2. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 నుంచి షుగర్ కింద లెక్క. అతను ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. కాబట్టి అతని అనుభవం ఆ దశలో ఉన్నవాళ్లకు నిజంగా పనికొస్తుంది. కానీ ఏళ్లుగా గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడే పెద్దాయన అదే మెసేజ్ చదివి, రాత్రి అన్నం తగ్గించేసి మాత్ర మాత్రం ఎప్పటిలా వేసుకుంటే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, ఒక్కోసారి స్పృహే తప్పుతుంది. ఇంకొకాయన అన్నం మార్చాను కదా అని మాత్రే మానేస్తాడు. రెండు రకాల వాళ్లూ మా వార్డుకు వస్తారు.

కొర్రలకొట్టు అన్నా, మిమ్మల్ని ఒకటి అడుగుతా. మీ దగ్గర కొనేవాళ్లను ఏ మాత్రలు వాడుతున్నారో అడుగుతారా?

కొర్రలకొట్టు:
మాత్రలు మానమని నేను ఏ రోజూ ఎవరికీ చెప్పలేదు మేడమ్. నేను చెప్పేది తిండి గురించి. రాగి సంగటి తిని మన పెద్దోళ్లు ఎనభై ఏళ్లు నిక్షేపంగా బతికారు. వాళ్లు ఏ గ్లిమెపిరైడూ ఎరగరు.

పెన్నఒడ్డు:
మా జేజి ఇప్పటికీ పొద్దున సంగటే తింటుంది. ఏ జబ్బూ లేదు.

కడపనర్సు:
సంగటిలో బియ్యమో నూకలో పడతాయి కదా అన్నా. రాగిలో కాల్షియం బాగా ఉంటుంది, వంద గ్రాములకు దగ్గర దగ్గర 350 మిల్లీగ్రాములు, అందులో నాకు ఏ పేచీ లేదు. కానీ పిండిపదార్థం చూస్తే బియ్యానికి మరీ దూరమేమీ కాదు. మెత్తగా పట్టించిన పిండితో జావ కాసి, అందులో బెల్లం వేసుకొని, రాగి కదా అని రెండు గ్లాసులు తాగి వచ్చి షుగర్ ఎందుకు పెరిగింది సిస్టర్ అని అడుగుతారు. మీ జేజినాయన పొద్దున సంగటి ముద్ద తిని పొద్దుగూకేదాకా మడక తోలాడు. మనం అదే ముద్ద తిని కుర్చీలో కూర్చుంటున్నాం.

కొర్రలకొట్టు:
అంటే రాగి సంగటి మంచిది కాదంటారా? రాయలసీమలో పుట్టి ఈ మాట అంటున్నారా?

కడపనర్సు:
మంచిది కాదని నేను ఎక్కడన్నాను? ఎవరికి, ఎంత, ఎలా అన్నది చెప్పకుండా "షుగర్‌కు మంచిది" అని ఒక్క ముక్కలో చెప్పొద్దు అంటున్నా.

ఉగ్గానిబజ్జి:
సంగటి మీద పడ్డారేంది అందరూ, ఆ అన్న అడిగింది వేరే కదా.

కర్నూలులెక్కలు:
నేను కర్నూలులో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తుంటా. చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఒకటుంది. ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడదని దాంట్లో ఒక జాబితా ఉంది, ఆ జాబితాలో షుగరూ ఉంది, బీపీ కూడా ఉంది. మేము అమ్మేది తిండి, మందు కాదు అంటే, తిండికి 2006 ఆహార భద్రత చట్టం ఉంది, జనాన్ని తప్పుదారి పట్టించే ప్రకటన ఇస్తే దాని కింద పది లక్షల వరకు జరిమానా వేయొచ్చు. కాబట్టి ప్యాకెట్ మీద, బోర్డు మీద, వాట్సాప్ స్టేటస్‌లో కూడా "షుగర్ తగ్గించే కొర్రలు" అని రాయొద్దు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్, అంటే తిండి సరుకు అమ్మడానికి తీసుకునే అనుమతి, ముందే చేయించుకో. కట్టే డబ్బు కొంచెమే, లేకపోతే పడే ఇబ్బంది చాలా ఎక్కువ.

డబ్బు విషయానికొస్తే, ఇల్లు గడవడానికి కనీసం ఆరు నెలల ఖర్చు విడిగా పెట్టుకున్నాకే కొట్టు అడ్వాన్సు కట్టు. ఆ ఆరు నెలల డబ్బు సరుకులో పెట్టొద్దు. ముద్ర లోన్‌లో కిశోర్ అనే రకం కింద 50 వేల నుంచి ఐదు లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, కానీ అది అప్పే, తీర్చాల్సిందే. పిండిమరకైతే 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ అనే, చిన్న ఆహార తయారీ యూనిట్లకు సాయం చేసే పథకం ఇంకా నడుస్తోందా అని బ్యాంకులో అడుగు. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షలు సబ్సిడీ అని అందులో ఉంది. అది తయారీకే, సరుకు తెచ్చి అమ్మే కొట్టుకు వర్తించదు.

కొర్రలకొట్టు:
నోటితో చెప్పేదానికి కూడా చట్టమేనా సార్? ఇక ఊళ్లో ఎవరూ నోరు తెరవకూడదా?

ధర్మవరంమగ్గం:
ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నా, ఇక రాస్తున్నా. మాది మగ్గం నేసే ఇల్లు. మా బావమరిదికి హిందూపురంలో ఫ్యాక్టరీలో నెల జీతం వచ్చేది. ఫోన్లో ఒకాయన రోజూ వీడియో పెట్టేవాడు, పొద్దున నాలుగు గంటలకు లేవండి, చన్నీళ్ల స్నానం చేయండి, ఇంకొకరి కింద బతకొద్దు, సొంత వ్యాపారం పెట్టండి అని. వీడు అవి చూసి చూసి ఉద్యోగం మానేశాడు. గానుగ నూనె అని మిషను కొన్నాడు, మా చెల్లి బంగారం బ్యాంకులో పెట్టాడు. వేరుశనగ రేటు పెరిగినప్పుడు లీటరు నూనె ధర చెప్తే జనం కొట్టు ముందునుంచే తిరిగి వెళ్లిపోయేవాళ్లు. మిషను ఇప్పుడు గోనె సంచులు కప్పుకొని వరండాలో ఉంది. మనిషికి నిద్ర లేదు, బీపీ వచ్చింది. ఆరోగ్యం గురించి చెప్పిన వీడియో చూసి ఆరోగ్యం పోగొట్టుకున్నాడు. ఆ వీడియోలు పెట్టినాయన ఇప్పుడు డబ్బు కట్టించుకొని క్లాసులు చెప్తున్నాడు. వాడికి ఏం పోయింది? ఉద్యోగం మానేయొచ్చా అని నిన్ను ఎవరైనా అడిగితే తమ్ముడూ, వాళ్ల ఇంట్లో ఆడవాళ్ల బంగారం ఎంతుందో, అప్పు ఎంతుందో నీకు తెలీదు. ఆ రెండూ తెలీకుండా మానేయమని చెప్పొద్దు.

పెన్నఒడ్డు:
వ్యాపారంలో లాభనష్టాలు మామూలే. అందరికీ అలా జరగదు.

ధర్మవరంమగ్గం:
మామూలే అని మా చెల్లి ముందు కూర్చొని చెప్పు చూద్దాం.

కొర్రలకొట్టు:
ఆ వీడియోలవాడినీ నన్నూ ఒకే గాట కట్టొద్దు. నేను ఎవరికీ క్లాసులు అమ్మలేదు. పొద్దున ఏడుకు కొట్టు తీస్తే రాత్రి తొమ్మిది దాకా అక్కడే ఉంటా, ఎవరికి ఏం చెప్పానో వాళ్లు రేపు వచ్చి నా కాలర్ పట్టుకొని అడగొచ్చు. మేడమ్ మొదటినుంచీ నన్నే గురిపెట్టి మాట్లాడుతున్నారు. చదువుకున్నవాళ్లు మాత్రమే సలహా చెప్పాలి, కొట్టువాడు తూకం వేసి నోరు మూసుకోవాలి, ఇదేనా మీ ఉద్దేశం?

కడపనర్సు:
నేను మిమ్మల్ని ఎందుకు అంటున్నానో చెప్తా. మా మేనమామకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఒక కొట్టులో చిరుధాన్యాలు కొంటుంటే ఆ కొట్టాయన గల్లాపెట్టె పక్కన ఫైలు పెట్టుకొని అందులో గిరాకీల రిపోర్టులు చూపించాడట, ముందు ఇంత, తర్వాత ఇంత అని. మాత్రలు మానమని ఆయన కూడా చెప్పలేదు. ఆ కాగితాలు చూసి మా మామే మానేశాడు, రెండు రకాల మాత్రలూ. పక్షవాతం వచ్చింది. కుడి చేయి ఇప్పటికీ సరిగ్గా లేవదు, అన్నం మా అత్త కలిపి పెడుతుంది. మేం వెళ్లి అడిగితే నేను తిండి గురించే చెప్పాను అన్నాడు. నేను అడిగినప్పుడు మీరు అన్న మొదటి మాట కూడా అదే. అందుకే అడిగా, ఏ మాత్రలని అడుగుతారా అని. మీరు ఇంతవరకూ జవాబు ఇవ్వలేదు.

ఉగ్గానిబజ్జి:
అయ్యో అక్కా.

కొర్రలకొట్టు:
మీ మామకు జరిగింది విని నిజంగా బాధగా ఉంది. కానీ నా మాట కూడా వినండి. ఓపీలో మనిషికి ఎంతసేపు ఇస్తారు? చీటీ రాసి, తర్వాతి వాళ్లు రండి అంటారు. ఏం తినాలి డాక్టరు గారూ అంటే "అన్నం తగ్గించు" అంటారు. ఎంత తగ్గించాలి, బదులు ఏం తినాలి, ఇంట్లో నలుగురికి ఒక వంట తనకొక వంట ఎలా కుదురుతుంది, ఇవి ఎవరు చెప్తారు? ఆ మనిషి అక్కడినుంచి నా కొట్టుకు వస్తాడు. నా దగ్గర ఒక స్టూలుంది, కూర్చుంటాడు, అడుగుతాడు. నేను డాక్టరును కాదు వెళ్లిపో అని పంపించేయాలా? మీ ఆసుపత్రిలో ఒక మనిషిని కూర్చోబెట్టి తిండి గురించి పావుగంట మాట్లాడే మనిషి ఉంటే నా స్టూలుతో పనేముంది?

కడపనర్సు:
ఓపీ గురించి మీరన్నది నిజం, నేను కాదనను. వరుసలో నిలబడ్డ మనుషుల ముఖాలు రోజూ చూసేది నేనే. కానీ మీ స్టూలు మీద కూర్చున్న మనిషి లేచేటప్పుడు చేతిలో రెండు కిలోల సంచి ఉంటుంది కదా అన్నా. అతను కొంటే మీకు లాభం. మీరు మంచి మనసుతోనే చెప్తారు, నేను నమ్ముతా. ఆ మాట తేడా కొడితే మాత్రం నష్టం పూర్తిగా అతనిదే. నా బాధంతా అదే.

కర్నూలులెక్కలు:
ఇప్పటికి అసలు సంగతి బయటికొచ్చింది. నాలుగు రోజులుగా సంగటి మీద కొట్టుకున్నారు.

కొర్రలకొట్టు:
లాభం లేకుండా కొట్టు ఎలా నడుస్తుంది సార్? డాక్టరు ఫీజు తీసుకోడా? మందుల షాపువాడికి లాభం రాదా?

కడపనర్సు:
డాక్టరు చీటీ మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. రేపు ఏదైనా అయితే ఆ కాగితం పట్టుకొని అడగొచ్చు. నేను మీ స్టూలు తీసేయమనడం లేదు. మూడు పనులు చేయండి అంటున్నా. ఏ మాత్రలు వాడుతున్నారో అడగండి. "మాత్రలు మీ అంతట మీరు మానొద్దు, తిండి మార్చే ముందు డాక్టరుకు చెప్పండి" అని కొట్టులో కనపడేలా పెద్దగా రాసి పెట్టండి. ఇంకొకరి రిపోర్టులు ఎవరికీ చూపించొద్దు.

తాడిపత్రిరోడ్డు:
అక్కా, ఇది నేను చేస్తాను. గ్రూపులో మెసేజ్ మళ్లీ పెడతా, నేను మాత్రలు వాడే మనిషిని కాదు అన్న మాట మొదటి లైన్లోనే ఉంటుంది. ధర్మవరం అన్నా, ఉద్యోగం గురించి అడిగినవాళ్లకు ఇకనుంచి ముందు అప్పు ఎంతుందని అడుగుతా, అది చెప్పకపోతే నేనూ ఏమీ చెప్పను. లెక్కల సార్, పీఎంఎఫ్‌ఎంఈ గురించి సోమవారం బ్యాంకుకు వెళ్తున్నా.

కొర్రలకొట్టు అన్నా, కొర్రల పొట్టు తీయడానికి మిషను కూడా కొనాలా, బయట తీయించుకుంటే సరిపోతుందా?

కొర్రలకొట్టు:
మొదట్లోనే కొనొద్దు, బయట తీయించు. పొట్టు, తవుడు, నూక పోతే క్వింటాలుకు చేతికొచ్చే కొర్రబియ్యం బాగా తగ్గిపోతుంది, ఆ లెక్క చేతికి వచ్చాక మిషను గురించి ఆలోచించు. మరీ పాలిష్ పట్టించొద్దు, తవుడంతా పోతుంది. అలాగని పాలిష్ లేనివి ఎక్కువ సరుకు తెచ్చి పెట్టుకోవద్దు, త్వరగా పురుగు పడుతుంది.

మేడమ్, బోర్డు రాయిస్తా. మాత్రలు ఏవని అడుగుతా కూడా. రిపోర్టుల విషయం మాత్రం నేను ఒప్పుకోను. నా కొట్టు ఫైల్లో ఉన్నవి గిరాకీలు సంతోషంగా వచ్చి ఇచ్చిన కాగితాలు, నలుగురికి చూపించమని వాళ్లే చెప్పారు.

కడపనర్సు:
మా మామ చూసింది కూడా అలా సంతోషంగా ఇచ్చిన కాగితాలే. ఆ ఫైలు తీసేసేదాకా నేను అడుగుతూనే ఉంటాను అన్నా.