సోల బియ్యం ఎన్ని గ్రాములు?

రాయగడ కోడలు: పొద్దుటి నుంచి ఈ లెక్కతోనే తల వాచిపోయింది. అత్తగారు రాసిచ్చిన కాగితంలో అరిసెలకు నాలుగు సోలల (సోల అంటే పాతకాలం కొలగిన్నె) బియ్యం, రెండు సోలల బెల్లం అని ఉంది. ఇంట్లో తూకం మిషన్ ఉంది కదా, గ్రాముల్లో వేద్దామనుకున్నాను. ఒక పట్టికలో కప్పు 120 గ్రాములు, ఇంకోదానిలో 200. ఏ లెక్కన వేసినా అరిసె నూనెలో విచ్చిపోతోంది. సోలకు ఎన్ని గ్రాములో ఒక్క మాటలో చెప్పండి.

గుణుపురం: దేని సోల? 120 మైదాది, 200 పంచదారది.

బరంపురం తాతయ్య: అమ్మా, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ సోల, తవ్వ, మానిక అప్పటి నుంచి ఉన్నవే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. శేరు వేరు, అది తూకం: 80 తులాలు, అంటే 933 గ్రాములు. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చాక ఇవన్నీ అటకెక్కాయి. ఇప్పటి పిల్లలకు తులం అంటే బంగారమే!

జయపురం: మా అమ్మమ్మగారి ఊళ్లో సోల ఇంతకంటే పెద్దది. అన్ని ఊళ్లకూ ఒకే లెక్క చెప్పకండి తాతగారూ.

బరంపురం తాతయ్య: అది సోల కాదు, తవ్వ అయి ఉంటుంది.

జయపురం: ఆ గిన్నె మా ఇంట్లోనే ఉంది. తవ్వ వేరేగా ఉంది.

కొరాపుట్ టీచరు: వాదన ఆపి లెక్క చూద్దాం. 240 మిల్లీలీటర్ల కప్పులో నీళ్లు 240 గ్రాములు, పంచదార 200, బియ్యం సుమారు 190, మైదా 120. ఒకే కప్పు, ఎన్ని బరువులో చూడండి. మీ సోల నిండా నీళ్లు పోసి తూచండి, ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. తరువాత బియ్యం తలకొట్టి తూచండి. తురిమిన బెల్లం మాత్రం అదిమితే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు.

రాయగడ కోడలు: సోల మరిదిగారి ఇంట్లో ఉంది. నా దగ్గర గాజు గ్లాసే ఉంది.

కొరాపుట్ టీచరు: అయితే గ్లాసే చాలు. నాలుగు గ్లాసుల బియ్యానికి రెండు గ్లాసుల బెల్లం. ఒక్కసారి తూచి ఆ గ్రాములు రాసిపెట్టుకోండి, పాత్ర ఏదైనా పాళ్లు మారవు.

గుణుపురం: పిండి తడిదా, పొడిదా?

రాయగడ కోడలు: కొట్లో కొన్న ప్యాకెట్టు పిండి. అది కూడా చెప్పాలా?

గుణుపురం: అదే మొదట చెప్పాలి.

కొరాపుట్ టీచరు: నానిన బియ్యం బరువు దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. కిలో బియ్యం కిలోంపావు దగ్గరికి వస్తుంది. కాగితంలోని సోలలు నానబెట్టక ముందు బియ్యానివి. మీరు పొడి పిండి తూచి వేస్తున్నారు, పాకానికి దొరకాల్సిన తడి అందులో లేదు.

జయపురం: ఒడియా వారి అరిసా పిఠాకు కూడా తడి పిండే. నువ్వులు అద్దితే మన అరిసెల కంటే అదే రుచి.

బరంపురం తాతయ్య: అది మన దగ్గర నేర్చుకున్నదే.

జయపురం: మళ్లీ మొదలు!

గుణుపురం: తెల్లటి బెల్లం వాడకండి. పాకం నిలవదు.

రాయగడ కోడలు: సరే, బియ్యం నానబెట్టాను. థాంక్స్ అందరికీ. రాయగడలో తడి బియ్యం ఆడించే మర ఎక్కడుందో ఎవరికైనా తెలుసా? మా వీధిలో వాళ్లు మర పాడవుతుందని ఒప్పుకోవడం లేదు.

బరంపురం తాతయ్య: కుంచం సంగతి చెప్పలేదు. నాలుగు మానికలు కుంచం.